పేరు మిగిలిన మహాకాయం
గోదావరి, కావేరి తీరాల రాక్షస బల్లుల చరిత్ర

నేలపై నడిచిన జంతువులన్నిటిలోకి పెద్దది ఏది అన్న ప్రశ్నకు పురాజీవ శాస్త్రజ్ఞులు చెప్పే సమాధానాలలో ఒక భారతీయ నామం తప్పక వినవస్తుంది. అది బృహత్కాయోసారస్. సంస్కృత పదానికి గ్రీకు పదం చేర్చి కూర్చిన ఈ పేరుకు ‘భారీ శరీరం గల బల్లి’ అని అర్థం. తమిళనాడులోని అరియలూరు సమీపాన కల్లమేడు అనే చోట దాని అవశేషాలు లభించాయి. ఆ ప్రాణికి పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదు కేంద్రంగా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన పి. యాదగిరి, మరొకరు కె. అయ్యసామి. అయితే ఈ మహాకాయం గురించి చెప్పుకోవలసిన విషయాలలో దాని పరిమాణం రెండవది మాత్రమే. మొదటిది, దాని ఎముకలు నేడు ఎక్కడా లేవన్నది. తిమింగలంతో పోల్చదగిన ఒక జంతువు, కొన్ని రేఖాచిత్రాలుగా, కొన్ని కొలతలుగా, ఒక పేరుగా మాత్రమే మిగిలింది.

ఈ కథ కావేరి తీరంలో ముగిసినా, ఆరంభమైనది నర్మదా తీరంలో. 1828లో జబల్‌పూర్ వద్ద బడా సిమ్లా గుట్ట పరిసరాలలో విలియం హెన్రీ స్లీమన్ అనే సైనికాధికారికి రాయిగా మారిన ఎముకలు దొరికాయి. తరువాతి కాలంలో థగ్గుల ముఠాలను అణచివేసిన అధికారిగా చరిత్రకెక్కినది ఈ స్లీమనే. అప్పటికి ‘డైనోసార్’ అనే మాటే పుట్టలేదు. రిచర్డ్ ఓవెన్ ఆ పదాన్ని సృష్టించినది 1842లో. జబల్‌పూర్ ఎముకలు కలకత్తా చేరాయి. 1877లో రిచర్డ్ లిడెకర్ అక్కడి తోక వెన్నుపూసలను ఆధారం చేసుకొని ఆ ప్రాణికి టైటానోసారస్ ఇండికస్ అని నామకరణం చేశాడు. భారతదేశంలో శాస్త్రీయంగా పేరు పొందిన మొదటి డైనోసార్ అదే. ఆ పేరును అనుసరించే దక్షిణ అమెరికా నుండి ఆఫ్రికా వరకు దొరికిన అనేక దీర్ఘకంఠ జంతువులను నేడు టైటానోసార్లు అని పిలుస్తున్నారు.

సారోపాడ్లు అనే పెద్ద సమూహంలో ఈ టైటానోసార్లు ఒక శాఖ. నాలుగు స్తంభాల వంటి కాళ్లు, చిన్న తల, పొడవైన మెడ, దానికి దీటైన తోక వీటి లక్షణాలు. ఇవన్నీ శాకాహారులు. ఏనుగువలె ఆహారాన్ని నమిలి తినవు. ఆకులను దువ్వినట్లు దూసుకొని మింగివేస్తాయి. నమలడానికి పెద్ద దవడలు, బరువైన తల అవసరం లేకపోవడం వల్లనే అంత పొడవైన మెడ సాధ్యమైంది. వీటిలో చాలా జాతుల వెన్నుపూసలలో గాలి నిండే గుల్లలు ఉండేవి. పక్షులలో కనిపించే ఇటువంటి ఏర్పాటు దేహభారాన్ని తగ్గించి, శ్వాసక్రియకు తోడ్పడింది. అయితే దేహం ఎంత పెద్దదైతే అది సంపూర్ణంగా శిలాజంగా మారే అవకాశం అంత తక్కువ. చిన్న ప్రాణిని ఒక్క వరద ఒండ్రుతో కప్పివేయగలదు. ముప్పది మీటర్ల దేహాన్ని కప్పడానికి అంత మట్టి ఒక్కసారిగా రాదు. అందుకే ప్రపంచంలోని అతి పెద్ద సారోపాడ్లలో అధిక భాగం కొద్ది ఎముకల ద్వారానే తెలుసు.

ఈ నియమానికి కొంత మినహాయింపు గోదావరి లోయలో కనిపిస్తుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వర క్షేత్రానికి ఆవలి ఒడ్డున సిరొంచ ఉంది. అక్కడికి చేరువలోని కోట అనే గ్రామం పేరిట ఆ ప్రాంతపు రాళ్లకు ‘కోట శిలాశ్రేణి’ అని పేరు వచ్చింది. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకే అక్కడి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు బయటపడి విదేశీ పండితుల దృష్టిని ఆకర్షించాయి. కాని పెద్ద జంతువుల ఎముకలు వెలికివచ్చింది మాత్రం స్వాతంత్ర్యానంతరమే. కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1950ల చివర భూగర్భ శాస్త్ర విభాగం ఏర్పడింది. గణాంక సంస్థకు శిలాజాలతో ఏమి పని అన్న సందేహం సహజమే. కొలతలు, వైవిధ్యం, పరిణామం అనే మూడింటినీ ఒకే శాస్త్రదృష్టితో చూడాలన్నది మహలనోబిస్ ఆశయం. ఆయన ఆహ్వానంపై లండన్ యూనివర్సిటీ కళాశాల నుండి వచ్చిన పమేలా రాబిన్సన్ గోదావరి లోయను పరిశోధనకు ఎన్నుకున్నారు.

ఆ కృషి ఫలితంగా పోచంపల్లి గ్రామ సమీపంలో 1958 నుండి 1961 వరకు దాదాపు మూడు వందల ఎముకలు లభించాయి. ఇది పట్టుచీరలకు ప్రసిద్ధి చెందిన నల్లగొండ ప్రాంతపు పోచంపల్లి కాదు. గోదావరి పరీవాహకంలోని వేరొక పల్లె. కనీసం ఆరు జంతువులకు చెందిన ఆ ఎముకలలో 1.7 మీటర్ల తొడ ఎముక ఒకటి ఉంది. 1975లో సోహన్‌లాల్ జైన్, తారవత్ కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ అనే నలుగురు శాస్త్రజ్ఞులు ఆ ప్రాణికి బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ‘బరా పా’ అంటే బెంగాలీలో పెద్ద కాలు. త్రవ్వకాలు ముమ్మరంగా సాగిన 1961వ సంవత్సరం రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి వత్సరం కావడం వల్ల రెండవ పదం చేరింది. గోదావరి ఒడ్డు ఎముకకు వంగభాషలో పేరు రావడం ఒక చారిత్రక విశేషం. 1977లో కలకత్తా బరానగర్‌లోని ఆ సంస్థ మ్యూజియంలో ఈ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. దాదాపు పద్నాలుగు మీటర్ల పొడవు గల ఈ జంతువు, సారోపాడ్ల చరిత్రలో తొలి దశకు సాక్ష్యంగా ప్రపంచ గ్రంథాలన్నిటిలో స్థానం పొందింది.

బెంగాల్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇందులో ఒక ఆత్మీయమైన అంశం ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వెళ్లిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో తెలుగు నేటికీ వినిపించే భాష. ఆ పట్టణం నుండి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. హౌరా నుండి గంగ ఆవలి ఒడ్డున ఉన్న బరానగర్‌కు వెళితే, గోదావరి నుండి వంగదేశానికి వలస వచ్చినవారిలో అత్యంత ప్రాచీనమైన ప్రాణి దర్శనమిస్తుంది. దాని వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరాలు. పూర్వం హిజ్లీ నిర్బంధ శిబిరంగా ఉండిన భవనాలలో 1951లో ఆరంభమైన ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోని భూగర్భ శాస్త్ర విభాగం సైతం తరువాతి కాలంలో గోండ్వానా శిలలలోని వెన్నెముక గల జీవుల అధ్యయనానికి ఒక కేంద్రమైంది. తెలుగునేల రాళ్లకూ వంగదేశపు పరిశోధనశాలలకూ గల ఈ బంధం ఆరు దశాబ్దాలు దాటినది.

కలకత్తా బృందం ఒకవైపు పనిచేస్తుండగా, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు మరొకవైపు అదే కోట శిలలను పరిశీలించారు. 1970ల చివర యామన్‌పల్లి గ్రామం వద్ద యాదగిరి బృందానికి మరొక సారోపాడ్ సమాధి దొరికింది. కనీసం పన్నెండు జంతువులకు చెందిన ఎనిమిది వందలకు పైగా ఎముకల భాగాలు అక్కడ లభించాయి. 1988లో యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. తొమ్మిది మీటర్ల పొడవు గల ఈ జంతువు బరాపాసారస్ కంటె చిన్నది, కొన్ని లక్షణాలలో దానికంటె ప్రాచీనమైనది. కపాలం తప్ప దేహంలోని దాదాపు అన్ని భాగాలు తెలిసిన ఈ అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ప్రజల సందర్శనకు నిలిచింది. 2001లో యాదగిరి దాని అస్థినిర్మాణాన్ని సమగ్రంగా వివరిస్తూ అంతర్జాతీయ పత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆయన శ్రద్ధ భారీ జంతువులకే పరిమితం కాలేదు. కోట మట్టిని జల్లెడ పట్టి, కంటికి ఆననంత చిన్న దంతాల ఆధారంగా ఎలుక ప్రమాణంలోని ఆదిమ స్తన్యజీవులను 1984లో లోకానికి పరిచయం చేసినది కూడ ఆయనే.

అట్టి అనుభవం గల శాస్త్రజ్ఞుని చేతికే కల్లమేడు ఎముకలు అందాయి. అరియలూరు ప్రాంతపు శిలలు పురాజీవ శాస్త్రానికి కొత్తవి కావు. ఒకనాటి సముద్రపు గవ్వలు, నత్తలు అక్కడ విస్తారంగా దొరుకుతాయి. అక్కడి డైనోసార్ల గురించి 1929లో చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ మాట్లే వ్రాశాడు. కల్లమేడు శిలలు క్రెటేషియస్ యుగాంతానికి, అనగా డైనోసార్లు అంతరించడానికి కొద్ది ముందు కాలానికి చెందినవి. వయస్సు ఏడు కోట్ల సంవత్సరాలకు లోపు. 1980ల చివర యాదగిరి, అయ్యసామి ప్రకటించిన కొద్ది పుటల వ్యాసంలో కటి ఎముక, తొడ ఎముక, మోకాలి కింది జంఘాస్థి, ముంజేతి ఎముక, తోక వెన్నుపూస భాగాల ప్రస్తావన ఉంది. వాటిలో జంఘాస్థి పొడవు రెండు మీటర్లు. మాట్లే పేరును స్మరిస్తూ ఆ ప్రాణికి బృహత్కాయోసారస్ మాట్లేయి అని పేరు పెట్టారు.

ఆ వ్యాసం ఆ జంతువును మాంసాహారిగా పేర్కొన్నది. రెండు మీటర్ల జంఘాస్థి గల మాంసాహారి ఉన్నదంటే, టైరనోసారస్ కూడ దాని ముందు చిన్నదే. ఆ అభిప్రాయం నిలువలేదు. 1990ల మధ్యలో శంకర్ చటర్జీ ఆ ఆధారాలను పునఃపరిశీలించి అది దీర్ఘకంఠ సారోపాడ్ అని అభిప్రాయపడ్డారు. బరాపాసారస్‌కు పేరు పెట్టిన నలుగురిలో ఒకరు ఆయనే. ఈలోగా మరికొందరు విదేశీ పరిశోధకులు అసలది ఎముకేనా, శిలగా మారిన చెట్టు మ్రాను కాదు గదా అని సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహం పూర్తిగా నిరాధారం కాదు. ఆ పరిసరాలలోనే సాత్తనూరు వద్ద పద్దెనిమిది మీటర్ల శిలావృక్షం ఉన్నది. 1940లో భూగర్భ శాస్త్రవేత్త ఎం.ఎస్. కృష్ణన్ దానిని గుర్తించారు. మొదటి వ్యాసంలోని రేఖాచిత్రాలు సందేహనివృత్తికి చాలినంత వివరంగా లేవు. మూలాన్ని మరల చూడడమొక్కటే మార్గం.

మూలం లేదు. 2017లో పీటర్ గాల్టన్‌తో కలిసి వ్రాసిన వ్యాసంలో అయ్యసామి స్వయంగా ఆ ఎముకలు శిథిలమై పోయాయని, అవి ఇక లేవని ప్రకటించారు. కల్లమేడు ఇసుక, బంకమట్టి పొరలు గట్టిగా అతుకుకున్నవి కావు. వానలో తడిసి, ఎండలో బీటలు వారే ఆ నేలలో ఎముకలు చేయి తగిలితే పొడి అయ్యే స్థితికి వస్తాయి. పురాజీవ శాస్త్రంలో ఇందుకు విరుగుడు ఉన్నది. ఎముకకు పలుచని జిగురు పట్టించి, పైన తడి కాగితం పరచి, గోనెపట్టా పీలికలను ప్లాస్టర్‌లో ముంచి చుట్టి, ఆ కట్టుతో సహా పరిశోధనశాలకు చేరుస్తారు. కాని ఎముక లోపలి నుండే చిట్లిపోతుంటే కట్టు దాని ఆకారాన్ని నిలుపగలదే గాని సారాన్ని నిలుపజాలదు. రెండు మీటర్ల ఎముకను అలా నిలపడానికి తగిన రసాయనాలు, యంత్రాలు, సమయం, బండ్లు కావాలి. ఆ రోజుల్లో క్షేత్రపరిశోధనకు ఉన్న వసతులు తక్కువ. దీనిని ఒక వ్యక్తి లోపంగా చూడడం సరికాదు.

2022లో సౌరభ్ పాల్, అయ్యసామి కలిసి క్షేత్రంలో తీసిన పాత ఛాయాచిత్రాలను వెలువరించారు. వాటితో అది చెట్టు కాదు, ఎముకే, సారోపాడ్ ఎముకే అన్న వాదానికి బలం చేకూరింది. ఆ మరుసటి సంవత్సరం గ్రెగరీ పాల్, అసియెర్ లారమెండి అనే పరిశోధకులు ఆ కొలతల ఆధారంగా జంతువు బరువును లెక్కించి 110 నుండి 170 టన్నుల వరకు ఉండవచ్చునని అంచనా వేశారు. ఇది నీలి తిమింగలపు పరిధి. నేలపై అంత బరువును నాలుగు కాళ్లు మోయగలవని అంతకు పూర్వం నమ్మినవారు తక్కువ.

ఈ అంచనా ఎలా వచ్చిందో, ఎంత బలహీనమో కూడ తెలుసుకోవలసి ఉంది. అర్జెంటీనాలో లభించి 1993లో పేరు పొందిన అర్జెంటీనోసారస్‌కు మోకాలి కింది ఎముక 1.55 మీటర్లు. కల్లమేడు ఎముక రెండు మీటర్లు. అనగా దాదాపు 29 శాతం ఎక్కువ. రెండు జంతువుల ఆకారం ఒకటే అనుకుంటే, బరువు పొడవుతో సమంగా పెరగదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటితోను పెరుగుతుంది. 1.29ని మూడుసార్లు గుణిస్తే 2.15 వస్తుంది. అర్జెంటీనోసారస్ 75 టన్నులైతే ఇది 160 టన్నులు. కాని కొలతలో పది శాతం పొరపాటు ఉన్నదనుకుంటే బరువులో దాదాపు మూడింట ఒక వంతు తేడా వస్తుంది. కాళ్లు మరికొంత పొడవైన జాతి అయితే లెక్క మొత్తం మారిపోతుంది. పైగా అర్జెంటీనోసారస్ కూడ కొద్ది ఎముకల ద్వారా తెలిసినదే. అసంపూర్ణమైన దానితో అసంపూర్ణమైన దానిని తూచినప్పుడు వచ్చే ఫలితం ఇంతే. అయితే ఒక భేదం ఉన్నది. అర్జెంటీనా ఎముకను సందేహం గలవారు వెళ్లి మరల కొలవవచ్చు. కల్లమేడు ఎముకను కొలవడం ఇక ఎవరికీ సాధ్యం కాదు.

శాస్త్రంలో ఒక జాతికి పేరు పెట్టినప్పుడు దానికి ఆధారమైన నమూనాను భద్రపరచడం విధి. దస్తావేజు లేని భూమికి హక్కు ఎంత సందిగ్ధమో, మూలనమూనా లేని పేరు అంత సందిగ్ధం. జబల్‌పూర్ వెన్నుపూసల చరిత్ర దీనికి మరొక ఉదాహరణ. లిడెకర్ వర్ణించిన ఆ ఎముకలు కాలక్రమేణా కనిపించకుండా పోయాయి. 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ అప్‌చర్చ్ ఆ జాతిని వేరుగా గుర్తించే ప్రత్యేక లక్షణాలు చాలవని తేల్చి, టైటానోసారస్ అన్న పేరునే సందేహాస్పదంగా పరిగణించారు. అయినా వెదకడం ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో కలకత్తాలోని భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రధాన కార్యాలయ సేకరణలలో ఆ వెన్నుపూసలలో ఒకటి బయటపడింది. ధనంజయ మొహబే, శుభాశిస్ సేన్, విల్సన్ 2013లో ఈ సంగతిని ప్రకటించారు. భారతదేశపు తొలి డైనోసార్ ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ తన నగరంలోనే, తన సంస్థలోనే, ఎవరూ చూడని చోట ఉన్నది.

ఈ విధంగా మూడు నదుల ఒడ్డున మూడు విధాల ఫలితాలు కనిపిస్తాయి. గోదావరి ఎముకలు త్రవ్వబడి, కూర్చబడి, ప్రజల కళ్లెదుట నిలిచాయి. నర్మద ఎముక పోయి దొరికింది. కావేరి ఎముక పోయింది. ప్రాణుల గొప్పదనంలో గల తేడా వల్ల ఈ భేదం రాలేదు. గోదావరి లోయలో ఒక సంస్థ పదిహేనేళ్లకు పైగా ఓపికతో ఒకే పనికి కట్టుబడి ఉన్నది. త్రవ్వకానికి, పరిశోధనకు, ప్రదర్శనకు ఒకే చేయి బాధ్యత వహించింది. జబల్‌పూర్ ఎముకను, జాబితాలలో కనిపించకపోయినా, ఎవరూ పారవేయలేదు. కల్లమేడులో మట్టి స్వభావం ప్రతికూలించింది; దానిని ఎదుర్కొనగల సామగ్రి సకాలంలో అందలేదు.

శాసనాలు, విగ్రహాలు, కోటలకు మన దేశంలో రక్షణచట్టాలు చిరకాలంగా ఉన్నాయి. శిలాజాల విషయంలో ఆ దృష్టి ఆలస్యంగా మేల్కొన్నది. 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వ స్థలాల, భూ అవశేషాల పరిరక్షణకు ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికై విడుదల చేయడం ఈ దిశలో ఒక అడుగు. అయితే చట్టం స్థలాన్ని కాపాడగలదు. ఎముకను కాపాడవలసింది మాత్రం జిగురు, ప్లాస్టర్, పొడిగా ఉండే గది, సంఖ్య వేసిన చీటీ, ఏటేటా సరిచూసే చిట్టా. ఇవి పెద్ద వ్యయంతో కూడినవి కావు, ఘనమైన ప్రారంభోత్సవాలకు తగినవీ కావు. పదవీ విరమణ చేసే ఉద్యోగి తరువాతి వానికి అప్పగించే తాళాల గుత్తి వంటివి. ఆ గుత్తి చేతులు మారని చోట ఏడు కోట్ల ఏళ్లు మట్టిలో నిలిచినది కూడ ఒక తరంలో నశిస్తుంది.

అరియలూరు శిలలు ఇంకా అక్కడే ఉన్నాయి. ప్రతి వర్షాకాలం వాటిపై పొరను కొంత కడిగి, లోపలిదాన్ని కొంత బయటపెడుతుంది. బృహత్కాయం ఒంటరి జంతువు కాదు. దాని జాతివి మరికొన్ని ఎముకలు ఆ నేలలో ఉండడానికి అవకాశం ఉన్నది. అవి బయటపడిన నాడు యాదగిరి, అయ్యసామి చూచినది ఏమిటో నిర్ధారణ అవుతుంది. అప్పటివరకు ప్రపంచంలోని అతి పెద్ద భూచరానికి అభ్యర్థిగా నిలిచిన ఈ భారతీయ ప్రాణికి సాక్ష్యం చెప్పేవి కొన్ని గీతలు, కొన్ని ఛాయాచిత్రాలు, ‘రెండు మీటర్లు’ అన్న ఒక్క మాట.